హెల్మెట్ లోపలి గీతలు

మంగళవారం సాయంత్రం ఆరుంపావుకు భీమయ్య నాకు చంద్రపూర్ బస్టాండులో కనిపించాడు. బెంచీ మీద నుంచి లేవబోయి తూలాడు. స్తంభం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. నన్ను చూసి ఏదో అనబోయాడు గాని మాట ముద్దగా వచ్చింది. బొగ్గుగనిలో డంపర్ నడిపే మనిషి, పదిహేనేళ్లుగా నాకు తెలిసినవాడు. మళ్లీ తాగొచ్చాడనుకున్నాను. తాగినవాళ్లతో మాట కలిపితే గంట తినేస్తారని, దూరం నుంచే చెయ్యి ఊపి ఆటో ఎక్కాను.

శుక్రవారం తెల్లవారుజామున ఐదింటికి ఆసుపత్రిలో భీమయ్య పోయాడు. ఆ రోజు నేను రెండడుగులు దగ్గరికి వెళ్లి ఉంటే చాలు. అది నాకు శనివారం నాడు, అతని వంటింట్లో నిలబడ్డాక గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ రెండడుగులు నన్ను వదలడం లేదు.

నా పేరు సదానందం. మందుల తనిఖీ శాఖలో పదకొండేళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి, పైవాళ్లతో పడక బయటికొచ్చాను. ఇప్పుడు వకీళ్ల కోసం కేసుల లోతులు తవ్వి పెడుతుంటాను. శుక్రవారం సాయంత్రం లక్కడ్‌కోట్ నుంచి రాయమల్లు అనే రైతు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. భీమయ్యకు బావమరిది. మొగుడికి విషం పెట్టిందని తన అక్క రాజక్కను పోలీసులు పట్టుకెళ్లారట. అక్క ఏమీ మాట్లాడటం లేదట. ఒప్పుకోదు, కాదనదు. ఆ మౌనమే ఆమెను జైల్లో పెట్టేట్టుందని అతని భయం.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకల్లా నేను ఆసుపత్రిలో ఉన్నాను. భీమయ్యకు చికిత్స చేసిన డాక్టరమ్మ కేసు కాగితాలు ముందు పెట్టింది. బుధవారం సాయంత్రం ఏడింటికి తెచ్చారు. అప్పటికే ఊపిరి ఎగబీలుస్తున్నాడు. రక్తంలో ఆమ్లం పెరిగిపోయింది, మూత్రంలో సూదుల్లాంటి స్ఫటికాలు. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ అని ఆమె అప్పుడే పోల్చుకుని పోలీసులకు కబురు పెట్టింది, చికిత్సా మొదలుపెట్టింది. కానీ మూత్రపిండాలు అప్పటికే చేతులెత్తేశాయి. కాగితం చివర ఆమె చేతిరాతతో ఒక ముక్క ఉంది. 'ఇంట్లో ఇచ్చిన షర్బత్ చాలా తియ్యగా ఉందని, మంగళవారం రెండు గ్లాసులు తాగానని రోగి చెప్పాడు.'

అదే ఆసుపత్రిలో, పై అంతస్తులో సారయ్య ఉన్నాడు. భీమయ్య ఇంటికి రెండిళ్ల అవతల ఉండే మనిషి, తాగుడులో భీమయ్యకు పాత జోడీ. బుధవారం రాత్రే అతన్నీ తెచ్చారు. వాంతులు, నడుం నొప్పి, మూత్రం తగ్గిపోవడం. రెండుసార్లు డయాలిసిస్ చేశాక కోలుకుంటున్నాడు. కల్తీ సారా అనుకుని పోలీసులు అతన్ని పట్టించుకోలేదు. మంగళవారం సాయంత్రం ఎంత తాగావని అడిగితే సిగ్గుపడుతూ చెప్పాడు. ఐదింటికి ఒక క్వార్టర్, రాత్రి ఇంకొకటి, బుధవారం పొద్దున లేవగానే మిగిలింది. దాని కంటే ముందు ఇంట్లో ఏం తాగావంటే, సత్తమ్మ షర్బత్ ఇచ్చిందన్నాడు. పక్కనే ఉన్న భార్య సత్తమ్మ ముఖం తిప్పుకుంది. నేనెన్ని విధాల అడిగినా ఆమె నోరు విప్పలేదు. ఇద్దరు ఆడవాళ్లు ఒకే రకంగా నోరు కట్టుకుని ఉన్నారు. నా అనుమానం అక్కడే మొదలైంది.

పదకొండింటికి గని కాలనీలో, భీమయ్య ఇంట్లో పంచనామా. ఇన్‌స్పెక్టర్ అనంతరావు రాజక్కను కూడా తీసుకొచ్చాడు, పక్కన రమ అనే మహిళా కానిస్టేబుల్. అనంతరావుది మరాఠీ ఇల్లు, రాజురాలో పెరగడం వల్ల తెలుగు బాగానే మాట్లాడతాడు. నేను శాఖలో ఉన్నప్పుడు మా ఇద్దరికీ మూడు కేసుల్లో మాటా మాటా వచ్చింది. రెండింట్లో అతను గెలిచాడు. అందుకే నన్ను గడప దగ్గర చూడగానే ముఖం చిట్లించాడు.

"బఘా సదానందం, వకీలు కాగితం తెచ్చినవ్ గనుక లోపలికి రానిస్తున్న. చూడు, కానీ ఏదీ తీస్కపోకు. నా పురావా, సాక్ష్యం, నా దగ్గరుంది" అంటూ ప్లాస్టిక్ సంచిలో మూటగట్టిన తెల్ల డబ్బా చూపించాడు. ఇంజిన్ కూలెంట్ డబ్బా. మీద డంపర్ బొమ్మ. వర్క్‌షాపు నుంచి భీమయ్యే తెచ్చాడు, అందులో మిగిలింది రాజక్క షర్బత్‌లో పోసింది, అదీ అనంతరావు కథ.

డబ్బా మూతి కత్తితో గుండ్రంగా కోసి ఉంది. లోపల అడుగు నుంచి జానెడు ఎత్తున ఉప్పునీళ్లు కట్టిన తెల్లటి చార. ఇంట్లో వాడుక నీళ్లు పట్టుకునే డబ్బా అది. ఏళ్ల తరబడి కూలెంట్ వాసన కూడా చూడలేదు. ఆ మాటే అన్నాను. ఈ కాలనీలో ఇరవై ఇండ్లు తిరుగు, ఇరవై డబ్బాలు దొరుకుతాయి, అందరు ఆడవాళ్లనూ పట్టుకుపోతావా అన్నాను. పైగా కూలెంట్‌కు పచ్చరంగు కలుపుతారు. పచ్చటి షర్బత్ ఇస్తే మొగుడు అడగడా?

అనంతరావు డబ్బా పక్కకు జరిపాడు. రంగు లేనిది కూడా దొరుకుతుందని గొణిగి గడియారం చూసుకున్నాడు.

నేను వంటింట్లోకి వెళ్లాను. పదడుగుల గది. పొయ్యి గట్టు మీద ఎండిపోయిన నిమ్మచెక్కలు నాలుగు. స్టీలు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. పంచదార డబ్బా మూత తీశాను. ఖాళీ. అడుగున ఒక పలుకు లేదు, చీమ కూడా లేదు. తలుపు వెనక సున్నం గోడ మీద రాజక్క బొగ్గుతో వారానికి ఏడు గడులు గీసి గుర్తులు పెట్టుకుంది, సరుకు అయిపోగానే గీసే గుర్తులు. రాజక్కకు రాయడం రాదు, ఒక్కో సరుక్కి ఒక్కో బొమ్మ. చెంచా బొమ్మ పంచదారకని రమే చెప్పింది, ఆమె ఇంట్లోనూ అదే పద్ధతట. ఆ చెంచా పక్కన సున్నా, ఆదివారం గడిలో.

మేకుకు భీమయ్య పసుప్పచ్చ హెల్మెట్ వేలాడుతోంది. దాన్ని తీసి తిప్పి చూశాను. లోపలి పట్టీ మీద పెన్సిలు గీతలు. ఐదేసి చొప్పున కట్టలు కట్టి మూడు, మిగిలినవి నాలుగు. పందొమ్మిది. చివరి గీత మిగతావాటికంటే వంకరగా ఉంది, చెయ్యి వణికినట్టు. అదేమిటో నాకు తెలిసింది. ముందురోజు సాయంత్రం బస్టాండులో చాయ్ అమ్మే మనిషితో మాట్లాడి ఉన్నాను గనుక తెలిసింది. హెల్మెట్ మళ్లీ మేకుకు తగిలించాను. అప్పటికి ఆ సంగతి బయట పెట్టాలని లేదు. పెట్టకుండా పని జరిగితే బాగుండునని మనసులో కోరుకున్నాను.

రాజక్క గుమ్మం దగ్గర గోడకానుకుని కూర్చుంది. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"రాజక్కా, ఆదివారం నాడే చక్కెర అయిపోయింది. మంగళారం షర్బత్ తియ్యగెట్లయింది?"

ఆమె తల ఎత్తింది. మొదటిసారి నా ముఖంలోకి చూసింది. నేను ఇంకేమీ అడగలేదు. ఇలాంటప్పుడు రెండో ప్రశ్న వేస్తే మొదటిది పాడవుతుంది. బయట పంచనామాకు సాక్షులుగా వచ్చిన పంచుల్లో ఒకడు దగ్గాడు. అనంతరావు ఏదో అనబోతే చేత్తో ఆపాను.

"చెప్తే ఇరుగుతదన్నా" అంది ఆమె ఎట్టకేలకు. "నాదొక్కదే గాదు, అందరిదీ."

ఆ తర్వాత ముక్క ముక్కగా చెప్పింది. జివతి గుట్టల్లో ఆగమ్మ అని ముసలామె ఉంది. తాగుడు మాన్పించే వేరు పొడి ఇస్తుంది. మొగుడికి తెలియకుండా పెట్టాలి. పుస్తె పట్టుకుని ఒట్టు వేయించుకుంటుంది. ఎవరైనా నోరు జారితే ఆ రోజు మందు తీసుకున్న అందరిదీ పనిచేయదు. ఏటా ఆ పొడిని తేనెలో కలిపి ఇచ్చేది. ఈసారి తేనె దొరకలేదు. ఐస్‌క్రీముల్లో పోసేదే, మనిషికి ఏమీ కాదని ఎవరో దుకాణదారు ఆమెకు తీపి నీళ్ల పీపా అంటగట్టాడు. సోమవారం కాలనీకి వచ్చి ఒక్కొక్కరికి ఒక సీసా, పొడి పొట్లాలు ఇచ్చి వెళ్లింది. వాంతి అయితే భయపడకండి, మందు పట్టినట్టు లెక్క అని చెప్పింది.

మంగళవారం మూడింటికి షిఫ్టు దిగి, నాలుగింటికి భీమయ్య ఇంటికి వచ్చాడు. నాలుగున్నరకు షర్బత్. ఎండకు దాహమై రెండో గ్లాసు అడిగి మరీ తాగాడు. ఎనిమిదింటికి తూలుతూ వచ్చి వాంతి చేసుకుని పడుకున్నాడు. బుధవారం పొద్దున ఐదింటికి కడుపు చల్లబడుతుందని మూడో గ్లాసు ఆమే తాగించింది.

"ఆ రాత్రి వచ్చినప్పుడు వాసనొచ్చిందా?" అని అడిగాను.

"రాలే" అంది. ఆమె గొంతులో ఆ రాత్రి నాటి సంతోషం ఒక్క క్షణం మళ్లీ వినిపించింది. "తూలుతుండు గానీ వాసన రాలే. మందు అప్పుడే పట్టిందనుకున్న. దేవునికి దండం పెట్టుకున్న."

 నేను కూడా చూడాల్సింది అదే కదా. దగ్గరికి వెళ్లి వాసన చూడాల్సింది. అప్పటికి గంటా ముప్పావే అయింది. బస్టాండు నుంచి ఆసుపత్రి ఆటోలో ఎంతసేపు.

సీసా జొన్నల డబ్బాలో దొరికింది. చీటీ లేదు. మూడో వంతు ఖాళీ. చిక్కగా, నీళ్లలా తెల్లగా ఉంది. అనంతరావు మూత తీసి వాసన చూశాడు. వాసన లేదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకోబోతుంటే మణికట్టు పట్టుకున్నాను. అతనికి కోపం వచ్చింది గాని వేలు దించాడు.

కిరాణా కొట్టు నుంచి కరెంటు కాంటా తెప్పించమన్నాను. గ్లాసుకు గీత పెట్టి నీళ్లు పోస్తే గ్లాసు బరువు పోను రెండు వందల గ్రాములు. ఆ నీళ్లు పారబోసి, తుడిచి, అదే గీత దాకా సీసాలోది పోశాను. రెండు వందల ఇరవై రెండు. పంచులిద్దరూ వంగి చూశారు.

ఐస్‌క్రీముల్లో, ఎసెన్సుల్లో, మందుల సిరప్‌లలో వాడేది ప్రొపిలీన్ గ్లైకాల్. అదీ ఇలాగే చిక్కగా, వాసన లేకుండా, కొంచెం తియ్యగా ఉంటుంది. కొలత ప్రకారం కలిపితే ఒంట్లో కరిగిపోతుంది, గ్లాసులకొద్దీ తాగేది మాత్రం అదీ కాదు. అది అయితే ఈ గీత దాకా రెండు వందల ఏడు తూగాలి. ఇంత బరువుండేది ఇథిలీన్ గ్లైకాల్. ఇంజిన్లలో పోసేది, కూలెంట్‌కు మూలపదార్థం. అదీ తియ్యగానే ఉంటుంది, అదే దాని పాపం. కాలేయం దాన్ని విరగ్గొడితే ఆమ్లాలు పుడతాయి. చివరి ఆమ్లం సున్నంతో కలిసి సూదుల్లా మూత్రపిండాల్లో దిగుతుంది. పక్కపక్కన పెడితే పదకొండేళ్లు పనిచేసిన నేను కూడా కంటితో చెప్పలేను. కాంటా చెబుతుంది. చివరి మాట ల్యాబ్‌ది, కానీ అంతదాకా ఆగే వ్యవధి లేదు. ఇదంతా అనంతరావుకు చెప్పాను.

అతను ఓపిగ్గా విన్నాడు. తెలివైనవాడు, అందుకే నాకు అతనంటే చిరాకు. ఒక్క ప్రశ్న వేశాడు. సరిగ్గా నేను రాకూడదనుకున్న ప్రశ్న.

"ఈ మందు సత్తమ్మ కూడా తెచ్చిందా?" అని రాజక్కను అడిగాడు. ఆమె తలూపింది. మంగళవారమే పెట్టిందా అంటే దానికీ తలూపింది. అనంతరావు నా వైపు తిరిగాడు. "ఐకలా, విన్నవా? అదే మందు, అదే దినం, అదే కొలత. సారయ్య బతికిండు. భీమయ్య చచ్చిండు. అంటే ఈమె సీసాల ఈమె వేరే ఏదో కలిపింది. గున్హా, నేరం, ఆగమ్మది కాదు, ఈమెదే."

 జవాబు నా దగ్గర ఉంది. జేబులో పెట్టుకుని వచ్చినంత దగ్గరగా ఉంది. అది చెబితే రాజక్క జైలు తప్పించుకుంటుంది. చెబితే ఆమె ఇంక బతికినన్నాళ్లూ దాన్ని మోయాలి. రమతో ఆమెను కాసేపు బయటికి పంపమన్నాను. అనంతరావు ఒప్పుకోలేదు. ఆరోపణ ఎదురుగా విన్నది, జవాబూ ఎదురుగానే వినాలన్నాడు. న్యాయంగా అతని మాటే సరైంది.

"సారయ్య తాగి ఉన్నడు గనుక బతికిండు" అన్నాను.

అనంతరావు నవ్వబోయి, నా ముఖం చూసి ఆగాడు. చెప్పాను. సారానైనా గ్లైకాల్‌నైనా కాలేయంలో విరగ్గొట్టే పనివాడు ఒక్కడే. రెండూ ఒకేసారి వస్తే వాడు సారాను ముందు తీసుకుంటాడు. ఈలోగా గ్లైకాల్ విషంగా మారకుండా చాలావరకు మూత్రంలో పోతుంది. విరుగుడు ఇంజెక్షను అందుబాటులో లేకపోతే ఆసుపత్రుల్లో శుద్ధమైన ఆల్కహాల్‌నే గంట గంటకూ రక్తం పరీక్షిస్తూ ఎక్కిస్తారు. అది డాక్టరు చేతిలో జరగాల్సిన పని, సీసా పట్టుకుని ఇంట్లో ఎవరూ చేసేది కాదు. సారయ్యకు గుడ్డిగా కలిసొచ్చింది. అయినా అతని మూత్రపిండాలు సగం దెబ్బతిన్నాయి.

"భీమయ్య మాత్రం తాగలేదా?" అన్నాడు అనంతరావు. "రోజూ తాగెటోడే కదా. బుధవారం రక్తంలో సారా లేదంటే మంగళవారంది దిగిపోయి ఉంటది."

మేకు మీది హెల్మెట్ తీసి అతని చేతికిచ్చాను. లోపల చూడమన్నాను. బస్టాండు చాయ్‌వాలా చెప్పింది కూడా చెప్పాను. మూడు వారాలుగా భీమయ్య రోజూ ఐదున్నరకు వచ్చి ఆ బెంచీ మీద కూర్చునేవాడు. వేయించిన శనగలు నమిలేవాడు, రెండు చాయ్‌లు తాగేవాడు. తాగే వేళ దాటిపోయాక, ఎనిమిదింటికి, ఎప్పటిలాగే ఇంటికి వెళ్లేవాడు. ఇంట్లో చెప్పొచ్చు కదా అని చాయ్‌వాలా ఒకసారి అడిగాడట. ఇంతకుముందు నాలుగుసార్లు చెప్పి నాలుగుసార్లు తప్పానని, ఈసారి నలభై రోజులయ్యాక చెబుతానని అన్నాడట.

అనంతరావు గీతలు లెక్కపెట్టాడు.  హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని బల్ల మీద మెల్లగా పెట్టాడు.

రాజక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఎన్ని దినాలు?" అని అడిగింది.

"పందొమ్మిది."

వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టింది. ఎక్కడో ఒక దగ్గర ఆగింది. ఆ మొదటి రోజు తనకు గుర్తొచ్చినట్టుంది. అన్నం రెండోసారి అడిగి వడ్డించుకున్నాడని, తనకు వింతగా అనిపించిందని నాతో కాదు, గోడతో అంది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది. "నేను ఊకుంటే బతికేటోడా అన్నా?"

బతికేవాడు. ఆమె ఊరుకున్నా బతికేవాడు, నేను ఊరుకోకపోయినా బతికేవాడు. ఇద్దరిదీ కలిపి చెప్పాలని నోరు తెరిచాను. బస్టాండు సంగతి చెప్పాను. చూసి కూడా పోయానని చెప్పాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తల ఊపింది అంతే, వీడు కూడా నాలాంటివాడే అన్నట్టు.

అప్పుడు నాకు ఆమె మొదట అన్న మాట తట్టింది. నాదొక్కదే కాదు, అందరిదీ.

"రాజక్కా, మందు తెచ్చుకున్నది ఎంతమంది?"

పదమూడు మంది. ఆమె, సత్తమ్మ కాక ఇంకా పదకొండు. మందు మంగళవారం గాని శనివారం గాని మొదలుపెట్టాలని ఆగమ్మ చెప్పిందట. తాము ఇద్దరే తొందరపడి మంగళవారం పెట్టారు. మిగతావాళ్లంతా వారం చివర పెడదామనుకున్నారు.

అనంతరావూ నేనూ ఒకేసారి గోడ గడియారం వైపు చూశాం. ఒంటి గంటా నలభై. శనివారం. మూడింటికి షిఫ్టు దిగుతుంది. దాహంతో ఇంటికి వచ్చే మొగుళ్ల కోసం పదకొండు ఇళ్లలో ఈపాటికి నిమ్మకాయలు కోస్తుంటారు. మైకు పెట్టి చెప్పిద్దామన్నాడు అనంతరావు. లాభం లేదన్నాను. పుస్తె మీద ఒట్టు వేసినవాళ్లు పోలీసు జీపు చూస్తే సీసా ఇంకా లోతుగా దాస్తారు. సత్తమ్మ మొగుడి మంచం పక్కనే కూర్చుని కూడా చెప్పలేదు.

రాజక్క లేచి నిలబడింది. మెడలో పుస్తె లేదు, నిన్ననే తీశారు. చెయ్యి అలవాటుగా అక్కడికి వెళ్లి వట్టిగా దిగింది. ఇంక తనకు విరగడానికి ఒట్టు లేదు. ఒక్కొక్క పేరూ, గల్లీ, ఇంటి గుర్తూ చెప్పడం మొదలుపెట్టింది. అనంతరావు పంచనామా కాగితం వెనక్కి తిప్పి దాని మీదే రాసుకున్నాడు. పేర్లు చెప్పి ఊరుకోనంది. తాను కనబడి చెబితే తప్ప ఎవరూ నమ్మరంది. అనంతరావు రమ వైపు చూసి, బేడీలు అక్కర్లేదన్నట్టు చెయ్యి ఆడించాడు. నేను డాక్టరమ్మకు ఫోను చేసి, విరుగుడు, మంచాలు సిద్ధంగా ఉంచమన్నాను.

జీపు దగ్గర అనంతరావు కాగితం చూస్తూ, ఈ పదకొండు మందిలో బాగా తాగేవాళ్లను తర్వాత చూసుకోవచ్చు కదా, మానినవాళ్ల ఇళ్లకే ముందు పోదాం, ఎవరెవరు మానారో చెప్పమని అడిగాడు. నా మాట నమ్మి అడిగిన ప్రశ్నే అది.

రాజక్క హెల్మెట్‌ను ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. "అన్ని ఇండ్లకు పోవాలె సారూ" అంది. "ఎవలు లోపల గీతలు గీసుకుంటుండ్లో పెండ్లాలకేం ఎర్క."